బొమ్మల సినిమాలన్నీ పిల్లలవేనా?

ఈ టపాను ఒక తప్పు ఒప్పుకోలుతో మొదలుపెడుతున్నాను. ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు పండితుడిగా బడిపిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఏ పద్యం ఏ తరగతికి తగునో, ఏ కథ ఏ వయసుకు ఒప్పునో నాకు తెలుసునన్న ధీమా ఒకటి నాలో ఉండేది. ఆ ధీమా వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, హైదరాబాదులో మా అమ్మాయి ఇంట్లో, గంటన్నర సేపట్లో కరిగిపోయింది.

మనవరాలికి ఏడేళ్ళు, మనవడికి మూడు. తల్లిదండ్రులు ఉద్యోగాలకు వెళితే పగలంతా పిల్లలిద్దరూ నా పాలు. ఒకనాడు ముగ్గురం కూర్చుని 'మై నైబర్ టోటోరో' అనే జపాను యానిమేషన్ చిత్రం చూశాం. 1988లో హయావో మియజాకి తీసిన సినిమా. పిల్ల ఆంగ్లపు మాటలు వింటూ చూసింది. నేను తెర అడుగున పడే అక్షరాలు కూడబలుక్కుంటూ చూశాను. అక్కచెల్లెళ్ళు సాత్సుకి, మే. తల్లి జబ్బుపడి ఆసుపత్రిలో ఉంటుంది. తండ్రి పిల్లలను తీసుకుని పల్లెలో ఒక పాత ఇంటికి మారతాడు. ఆ పక్కనున్న మహావృక్షంలో టోటోరో అనే పెద్ద బొద్దు జీవి కాపురముంటుంది. కథంటే అంతే. ప్రతినాయకుడు లేడు, పోరాటం లేదు, పాపం పండటం లేదు. అయినా మా పిల్లలిద్దరూ కదలలేదు. వానలో బస్సు కోసం నిలబడ్డ సాత్సుకి, పక్కనే తడుస్తున్న టోటోరోకు తండ్రి గొడుగు అందించే ఘట్టం దగ్గర మూడేళ్ళవాడు చప్పట్లు కొట్టాడు.

మర్నాడు మనవరాలు "తాతయ్యా, అలాంటిదే ఇంకొకటి పెట్టవా" అంది. వెతికాను. అదే జీబ్లీ స్టూడియో, అదే 1988వ సంవత్సరం. పైగా అన్నాచెల్లెళ్ళ కథ. పేరులో మిణుగురు పురుగులున్నాయి. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'. పేరులో సమాధి అన్న మాట కూడా ఉంది. దాన్ని చూసీ చూడనట్టు దాటేశాను. బొమ్మల సినిమాయే కదా అనుకున్నాను.

చూసినవారికి తెలుసు. చూడనివారికి క్లుప్తంగా చెబుతాను. ఇసావో తకహాటా తీసిన ఆ చిత్రం రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో కోబె నగరం మీద బాంబులు కురిసిన కాలానిది. మొదటి నిమిషాల్లోనే రైలుస్టేషనులో ఒక పిల్లవాడు ఆకలితో ప్రాణం విడుస్తాడు. అక్కడినుంచి కథ వెనక్కు వెళుతుంది. వాడి పేరు సెయిటా, వయసు పద్నాలుగు. చెల్లెలు సెత్సుకోకు నాలుగు. తల్లి బాంబుదాడిలో కాలిపోతుంది. ఆమెను కట్లలో చుట్టి చూపుతారు. బంధువు ఇంట్లో ముద్ద ముద్దకూ మాట పడి, అన్నాచెల్లెళ్ళు ఒక చెరువుగట్టున పాడుబడ్డ సొరంగంలోకి చేరతారు. చీకట్లో వెలుగు కోసం మిణుగురులను పట్టి తెచ్చుకుంటారు. తెల్లవారేసరికి అవి చచ్చిపడి ఉంటాయి. పాప వాటికి గుంట తవ్వి పాతిపెడుతుంది. చివరకు ఆ పాప కూడా తిండిలేక కన్నుమూస్తుంది.

నేనెందుకు మధ్యలో ఆపలేదని మీరు అడగవచ్చు. మా అమ్మాయి కూడా అదే అడిగింది. నిజం చెబుతున్నాను: ఇక ఒక మంచి మలుపు వస్తుంది, ఎవరో ఒకరు తలుపు తీసి ఆ పిల్లలను లోపలికి పిలుస్తారు అని చివరిదాకా ఎదురుచూస్తూ కూర్చున్నాను. మన కథలు అలవాటైన మనసు మంగళాంతాన్ని అడ్డు ఎదురుచూపుగా పెట్టుకుంటుంది. మనవడు అదృష్టవశాత్తు ముందే నిద్రపోయాడు. మనవరాలు ఏడవలేదు, మాట్లాడలేదు. ఆ రాత్రి మాత్రం నిద్రపోతున్న తమ్ముడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటూ కూర్చుందట. "నాన్నా, బొమ్మలు కదా అని పెట్టేశారా?" అని మా అమ్మాయి అన్న ఒక్క మాట చాలు నాకు.

ఆ తరువాత తెలిసిన సంగతి నన్ను మరింత ఆలోచనలో పడేసింది. ఈ రెండు చిత్రాలూ జపానులో 1988 ఏప్రిల్ 16న ఒకే టికెట్టు మీద, ఒకదాని వెంట ఒకటిగా విడుదలయ్యాయి. అంటే నేను రెండు రోజుల్లో చేసిన పని అక్కడి థియేటర్లు ఒక్క పూటలో చేశాయన్నమాట! ఎంతమంది తల్లిదండ్రులు గొడుగు పట్టిన టోటోరోను చూపించాలని పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారో!

రెండింటిలోనూ తోబుట్టువులు ఇద్దరే. రెండింటిలోనూ తల్లి దగ్గర లేదు. రెండింటిలోనూ పెద్దపిల్ల చిన్నపిల్లకు తల్లి కావలసి వస్తుంది. రెండింటినీ నడిపే భయం ఒక్కటే: అమ్మ తిరిగి రాకపోతే? ఇంత పోలిక ఉన్న రెండు కథల్లో ఒకటి పసివాళ్ళకు ప్రాణం, రెండోది ప్రాణసంకటం ఎందుకయింది? ఈ ప్రశ్నకు సమాధానం దొరికితే పిల్లలకు ఏ బొమ్మల సినిమా తగునో చెప్పే కొలమానం కూడా దొరుకుతుందని నాకనిపించింది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. బొమ్మలతో తీసినంత మాత్రాన అది పిల్లలది కాదు. యానిమేషన్ అన్న మాటకు మూలమైన లాటిను పదానికి ఊపిరి, ప్రాణం అని అర్థాలు. గీసిన బొమ్మకు ప్రాణప్రతిష్ఠ చేయడమే ఆ విద్య. అది చెప్పే సాధనమే గాని చెప్పిన విషయం కాదు. పద్యంలో శతకమూ ఉంది, శృంగారప్రబంధమూ ఉంది. పద్యం కదా అని ప్రబంధాన్ని ఐదో తరగతికి పాఠం పెట్టం గదా!

రెండో అపోహ సర్టిఫికెట్టు మీద నమ్మకం. మన దేశంలో 1983 నుంచి 'యుఏ' అనే తరగతి ఒకటి ఉంది. 2023లో సినిమాటోగ్రాఫు చట్టాన్ని సవరించి దాన్ని ఏడేళ్ళు పైబడినవారికి, పదమూడు పైబడినవారికి, పదహారు పైబడినవారికి అని మూడుగా విడదీశారు. మంచి పనే. తల్లిదండ్రులకు అదొక సూచన. కానీ అటువంటి కొలతలు సాధారణంగా నెత్తుటిని, బూతుమాటను, నగ్నతను, మత్తుపదార్థాన్ని పట్టుకోగలవు. దుఃఖాన్ని ఏ కొలబద్దతో కొలుస్తారు? మిణుగురుల సినిమాలో ఒక్క వెకిలి మాట లేదు, ఒక్క అసభ్య దృశ్యం లేదు. కన్నతల్లి పక్కన కూర్చుని చూడగలిగినంత శుభ్రమైన సినిమా. శుభ్రంగా ఉండటం వేరు, తగి ఉండటం వేరు.

ఇంకోవైపు కొలత మరీ బిగిసిన సందర్భాలూ ఉన్నాయి. 1937 నాటి డిస్నీ 'స్నో వైట్'ను బ్రిటనులో సెన్సారువారు మంత్రగత్తె భయానికి, పిల్లలు పెద్దల తోడు లేకుండా చూడరాదనే తరగతిలో చేర్చారు. ఇవాళ దాన్ని పసిపిల్లల సినిమాకు నమూనాగా చెప్పుకుంటున్నాం.

క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. నడుముకు కట్టుకోవలసింది మెడలో వేసుకుంటే నగ మంచిదయినా నవ్వులపాలే. నేను చూపిన సినిమాలో లోపం లేదు. లోపం నేను దాన్ని వేసిన మెడలో ఉంది.

అయితే దీన్నుంచి 'పిల్లలకు భయం, దుఃఖం చూపనే రాదు' అనే తీర్మానానికి వచ్చేవారున్నారు. మా అల్లుడి అభిప్రాయం ఇంచుమించు అదే. నేను ఒప్పుకోను. నా సర్వీసులో ఏ పాఠానికి పిల్లలు ఎక్కువగా చెవులు నిక్కబొడుచుకున్నారని అడిగితే, తడుముకోకుండా అనంతామాత్యుని భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం అంటాను. పులి ఎదుట పడ్డ ఆవు, ఇంటిదగ్గర దూడ ఉందని, దానికి పాలిచ్చి తిరిగి వస్తానని మాట ఇస్తుంది. దూడకు చివరిసారి పాలిచ్చి, బుద్ధులు చెప్పి, తిరిగి పులి దగ్గరకు బయలుదేరుతుంది. ఆ అప్పగింతల దగ్గర తరగతిలో సూది పడితే వినపడేది. వెనక బెంచీ పిల్లలు పుస్తకం అడ్డం పెట్టుకుని కళ్ళు తుడుచుకునేవారు. అమ్మ చచ్చిపోతుందేమోనన్న భయం కన్నా పసివాడికి పెద్ద భయం ఉందా? అయినా ఆ పాఠం వల్ల ఏ పిల్లవాడికీ నిద్ర చెడలేదు. ఎందుకంటే ఆ భయానికి అవతలి ఒడ్డు ఉంది. ఆవు మాట నిలుపుకుంది. ఆ సత్యానికి పులి కరిగింది. దూడకు తల్లి దక్కింది.

నా కొలమానం అక్కడ దొరికింది. పిల్లల కథ అంటే భయం లేని కథ కాదు, భయంలోంచి బయటికి దారి ఉన్న కథ. ఆ దారి పిల్లవాడి కంటికి ఆనాలి, వాడి కాలికి అందాలి.

టోటోరోలో చూడండి. తల్లికి ఒంట్లో బాగాలేదని కబురు వస్తుంది. ఇంటికి రావలసిన అమ్మ రాదు. చిన్నది మే, అమ్మకు ఇద్దామని ఒక మొక్కజొన్న కండె పట్టుకుని ఒంటరిగా ఆసుపత్రికి బయలుదేరి తప్పిపోతుంది. చెరువులో పసిపిల్ల చెప్పు ఒకటి దొరికిందంటారు. ఆ క్షణంలో గుండె ఆగినట్టవుతుంది. అంటే భయం ఆ సినిమాలో తక్కువేం కాదు. కానీ ఊరంతా వెతుకుతుంది. పక్కింటి అవ్వ ఉంది, నాన్న ఉన్నాడు, చెట్టులో టోటోరో ఉన్నాడు. చుట్టూ పట్టుకునే చేతులున్నాయి. మిణుగురుల సినిమాలో ఉన్నదల్లా చేతులన్నీ ఒక్కొక్కటిగా జారిపోవడమే. అది ఆ కథ సత్యం. యుద్ధం చేసేది అదే. దాన్ని మోయడానికి కాస్త వయసు కావాలి.

ఇక చావును ఎలా చూపాలన్నది మరో ప్రశ్న. దీనికి భరతముని ఎప్పుడో సమాధానం చెప్పాడు. యుద్ధం, మరణం, నగర ముట్టడి వంటివి అంకంలో ప్రత్యక్షంగా చూపరాదని, ప్రవేశకం వంటి వాటి ద్వారా సూచించాలని నాట్యశాస్త్ర విధి. 1942 నాటి 'బాంబి' తీసినవారు భరతుణ్ణి చదివి ఉంటారని నేననుకోను. కానీ వారు చేసింది అదే. లేడిపిల్ల తల్లి వేటగాడి గుండుకు బలవుతుంది. మనకు తుపాకీ చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. వేటగాడూ కనపడడు, తల్లి కళేబరమూ కనపడదు. మంచులో తల్లిని పిలుస్తూ తిరిగే పిల్ల కనపడుతుంది. ఏ వయసు ప్రేక్షకుడు తన వయసుకు తగినంతే ఊహించుకుంటాడు. కనపడనిది పసివాడికి ఒక రక్షణ.

ఆ విధిని దాటినవారూ ఉన్నారు. భాసుడు ఊరుభంగంలో దుర్యోధనుడి మరణం రంగస్థలం మీదనే చూపాడు. 1994 నాటి 'లయన్ కింగ్' కూడా దాటింది. చనిపోయిన తండ్రి చేతికింద దూరి పడుకునే సింహం పిల్లను చూసి నా బోటివాడికే గొంతు పట్టేసింది. కానీ నా దృష్టిలో ఆ సినిమాలో అంతకన్నా క్రూరమైన ఘట్టం ఆ వెంటనే వస్తుంది. తండ్రి చావుకు నువ్వే కారణమని పినతండ్రి ఆ పిల్లకు నూరిపోస్తాడు. బడిలో చూసేవాణ్ణి: ఇంట్లో తండ్రి తాగి తల్లిని కొట్టినా, తల్లి పుట్టింటికి వెళ్ళిపోయినా, నా వల్లనే ఇలా జరిగిందేమో అని లోలోపల కుమిలే పిల్లలుండేవారు. పిల్లవాడికి చావుకన్నా బరువైనది నింద. ఆ సినిమా చివర పినతండ్రి నోటనే నిజం బయటపెట్టించి, ఆ నింద దించుతుంది. అందుకే అది పిల్లల సినిమా అయింది. ఆ ఒక్క మాట చెప్పకుండా సింహం గెలిచి గద్దె ఎక్కి ఉంటే, ఎన్ని పాటలున్నా దాన్ని నేను పిల్లలకు చూపను.

2019లో ఇదే కథను అచ్చం నిజం సింహాల్లా కంప్యూటరులో సృష్టించి మళ్ళీ తీశారు. తెలుగులో నాని, జగపతిబాబు, రవిశంకర్ వంటివారు గొంతులిచ్చారు. వెంట్రుక వెంట్రుకా నిజమే. కానీ నిజం సింహం కనుబొమ ముడవదు, పెదవి బిగించదు. గీసిన బొమ్మ చేయగలిగిన సాత్త్వికాభినయం ఆ నిజానికి బలి అయిపోయింది. అవే దుఃఖ ఘట్టాల్లో మా మనవరాలు పాప్‌కార్న్ తినడం ఆపలేదు. పసివాళ్ళు ముఖాన్ని చదువుతారు, రోమాలను లెక్కపెట్టరు.

దుఃఖం గురించి పెద్దలకు పాఠం చెప్పిన బొమ్మల సినిమా మరొకటుంది. 2015లో పీట్ డాక్టర్ తీసిన 'ఇన్‌సైడ్ అవుట్'. పదకొండేళ్ళ పిల్ల మనసులోని భావాలే అందులో పాత్రలు. సంతోషం పేరుగల పాత్ర, దుఃఖం పేరుగల పాత్రను దేని మీదా చెయ్యి వెయ్యనివ్వదు. ఒక చోట ఆ పిల్ల ఊహల్లో పుట్టిన పాత నేస్తం ఒకడు, తన బండి పోయిందని కూలబడతాడు. సంతోషం వాడికి చక్కిలిగింతలు పెట్టి, ఆటలాడి, ఏమార్చబోయి విఫలమవుతుంది. దుఃఖం పక్కన కూర్చుని వాడు చెప్పేది వింటుంది. వాడు ఏడ్చి, లేచి నడుస్తాడు. మనం ఏం చేస్తాం? పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టగానే 'అదుగో కాకి' అంటాం, ఫోను చేతిలో పెడతాం. కరుణను కూడా రసమన్నారు మన పెద్దలు. చెరిపేయవలసిన మరక అని ఎవరూ అనలేదు.

ఇక మన కథల సంగతి. 2025 జులైలో 'మహావతార్ నరసింహ' వచ్చింది. థియేటరు కిటకిటలాడుతుంటే నేనూ వెళ్ళాను. బడిలో ఏళ్ళ తరబడి పోతన ప్రహ్లాద చరిత్ర చెప్పినవాడికి ఆ ఆసక్తి సహజం. నా ముందు వరుసలో నాలుగేళ్ళవాడు తండ్రి భుజంలో ముఖం దాచుకున్నాడు. వాడి పక్కనే పదేళ్ళ అన్న ఈల వేశాడు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే దృశ్యం. పురాణకథ కాబట్టి అన్ని వయసులకూ తగునన్న వాదం నిలవదని ఆ వరుసే సాక్ష్యం చెప్పింది.

నా మట్టుకు నాకు ప్రహ్లాద కథ పిల్లలదయ్యేది స్తంభం పగిలినప్పుడు కాదు. హిరణ్యకశిపుడు హతుడైన తరువాత కూడా నరసింహుని కోపం చల్లారదు. దేవతలు దగ్గరకు రాలేరు. లక్ష్మీదేవి సైతం జంకుతుంది. అప్పుడు ఆ పసివాడు ఒక్కడే వెళ్ళి ఎదుట నిలుస్తాడు. స్వామి వాడి తల మీద చెయ్యి వేస్తాడు. లోకమంతా భయపడ్డ దాని దగ్గరకు ఒక చిన్నపిల్లవాడు నిర్భయంగా నడిచి వెళ్ళడం! బాలసాహిత్యమంతా ఆ నాలుగడుగుల్లో ఉంది. పురాణ కథలను బొమ్మలుగా తీసేవారు పేగులు చీల్చడానికి పట్టించుకున్నంత శ్రద్ధ ఆ నాలుగడుగులకూ పెట్టాలని నా మనవి.

కుటుంబచిత్రం అన్న మాట మీద కూడా ఒక్క మాట. పిల్లల తలల మీదుగా పెద్దలకు ద్వంద్వార్థాలు విసిరి నవ్వించే బొమ్మల సినిమాలు కొన్ని వస్తున్నాయి. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఉడుత నోట, ఎలుగుబంటి నోట మాస్ హీరోల డైలాగులు పెట్టడం మరో అలవాటు. హాలంతా నవ్వుతుంది, పిల్లవాడు ఎందుకు నవ్వుతున్నారో తెలియక అమ్మ ముఖం చూస్తాడు. వాణ్ణి బయట నిలబెట్టి పెద్దలు నవ్వుకున్నదాన్ని కుటుంబచిత్రం అనలేను. అందరికీ ఒకేలా అర్థం కానక్కరలేదు గాని, అందరికీ అందులో చోటుండాలి.

ఇంతా రాసి, అసలు పాఠం ఆ నాలుగేళ్ళవాడే నేర్పాడని ఒప్పుకోవాలి. వాడికి దాచుకోవడానికి ఒక భుజం ఉంది. ఆ తండ్రి ఏ క్షణాన అయినా లేచి బయటికి ఎత్తుకుపోగలడు. పిల్లల చేతికి తెర అప్పజెప్పి మనం పక్కగదిలో ఉంటే, ఎంత నిర్దోషమైన సినిమా అయినా కుటుంబచిత్రం కాదు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. అయినా పిల్ల ముఖం చూడలేదు, తెర చూశాను. నా తప్పు కచ్చితంగా అదే.

రెండు రోజుల తరువాత, అన్నం తింటూ మనవరాలు అడిగింది: "తాతయ్యా, ఆ పాప మనింటికి వస్తే నువ్వు అన్నం పెట్టేవాడివా?" పెట్టేవాణ్ణి అన్నాను. "రోజూనా?" అంది. రోజూ అన్నాను. "యుద్ధంలో మనకీ బియ్యం అయిపోతే?" అంది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఉన్నది నలుగురం పంచుకుంటాం అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే ఐదుగురం, తమ్ముణ్ణి మర్చిపోయావు" అంది.

ఆ రాత్రినుంచి నిద్రపోతోంది. సినిమా చూపని దారిని ఆ పిల్ల తనే వెతుక్కుంది. నేను చెయ్యి పట్టుకున్నానంతే. దీన్ని చూపి, చూసావా మంచే జరిగింది అని నా తప్పును కప్పిపుచ్చుకోను. ఆ రెండు రాత్రులు పసిపిల్ల ఒంటరిగా మోసిన బరువు నా ఖాతాలోనిదే. ఆ సినిమా గొప్పదే. పిల్లకు పద్నాలుగేళ్ళు వచ్చాక, అంటే సెయిటా వయసు వచ్చాక, నేనుంటే మళ్ళీ పక్కన కూర్చుని చూస్తాను. అప్పుడు మాత్రం తెర సగమే చూస్తాను.